కత్తికి లొంగని కణితి: పెద్దపేగు క్యాన్సర్‌లో లేజర్ ఉపశమన చికిత్స చరిత్ర

మందుకూ కత్తికీ లొంగని వ్యాధిని నిప్పుతో లొంగదీయవచ్చునన్న నమ్మకం వైద్యశాస్త్రమంత పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఔషధం వల్ల, శస్త్రం వల్ల, క్షారం వల్ల నయం కాని రోగాలు కూడా కాల్చడం వల్ల నయమవుతాయనీ, అలా కాల్చిన రోగం తిరిగి తలెత్తదనీ ఆ అధ్యాయం చెబుతుంది. గ్రీకు వైద్యంలో హిపొక్రటీస్ పేరుతో ప్రచారంలో ఉన్న సూత్రాలు కూడా దాదాపు ఇదే వరుసను పాటించి, మందు, ఇనుము, నిప్పు అనే మూడింటికీ లొంగని వ్యాధిని అసాధ్యమని తేల్చాయి. రెండు సంప్రదాయాల్లోనూ నిప్పు చివరి అస్త్రమే, దాని లక్ష్యం రోగ నిర్మూలనే. ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో లేజర్ రూపంలో నిప్పు మళ్లీ వైద్యుల చేతికి వచ్చినప్పుడు, దాన్ని పెద్దపేగు క్యాన్సర్‌పై ప్రయోగించినవారు నిర్మూలన ఆశను ముందే వదులుకొని, రోగికి మిగిలిన నెలలు కాస్త తెరిపిగా గడిచేలా చూడడమే తమ పనిగా పెట్టుకున్నారు. అందువల్ల ఈ చికిత్స చరిత్రలో యంత్రాల కథ ఎంత ఉందో, వైద్యుడు తన రోగికి ఏమి బాకీపడి ఉన్నాడన్న ఆలోచన మారిన కథ కూడా అంత ఉంది.

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుండే గొట్టం. దాని చివరి పన్నెండు, పదిహేను సెంటీమీటర్ల భాగాన్ని పురీషనాళం అంటారు. మలద్వారానికి పైన, కటివలయపు ఎముకల మధ్య ఇరుకుగా ఒదిగి ఉండే ఈ భాగంలోనూ, దానికి ఎగువనున్న సిగ్మాయిడ్ అనే వంపు భాగంలోనూ పెద్దపేగు క్యాన్సర్లలో చాలా భాగం పుడతాయి. కణితి చుట్టుపక్కల ఎముకలకు, మూత్రాశయానికి అతుక్కుపోయినప్పుడు గాని, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినప్పుడు గాని, రోగి గుండె, ఊపిరితిత్తులు మత్తుమందునూ పెద్ద కోతనూ తట్టుకోలేని స్థితిలో ఉన్నప్పుడు గాని, దాన్ని కోసి తీసివేయడం వీలుకాదని శస్త్రవైద్యులు నిర్ణయిస్తారు. కణితి అక్కడే ఉండి పెరుగుతుంది. దాని పుండు నుంచి రక్తం కారుతుంది, జిగట ఆగకుండా స్రవించి బట్టలు తడుస్తాయి, మలవిసర్జన అయిన తరువాత కూడా ఇంకా వస్తున్నట్టే అనిపించే తీరని తొందర రోగిని రాత్రింబవళ్లు మరుగుదొడ్డి చుట్టూ తిప్పుతుంది. వైద్యులు టెనెస్మస్ అని పిలిచే ఈ లక్షణం పైకి చెప్పుకోలేనిది కావడం వల్ల, నొప్పికన్నా ఎక్కువగా మనిషిని కుంగదీస్తుంది. చివరికి గొట్టం పూర్తిగా మూసుకుపోతే మలం, వాయువు బయటికి పోక పొట్ట ఉబ్బి, రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

పేగుకు అడ్డంకి ఏర్పడినప్పుడు పొట్టగోడకు రంధ్రం చేసి, పేగును అక్కడికి లాగి కుట్టి, మలాన్ని ఆ దారిన పంపే పద్ధతిని కొలోస్టమీ అంటారు. మలద్వారం లేకుండా పుట్టిన శిశువు మృతదేహాన్ని పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు అలెక్సీ లిత్రే 1710లోనే ఈ ఆలోచనను సూచించాడు గాని, క్యాన్సర్ రోగిపై ఇటువంటి ప్రయత్నం జరగడానికి మరో అరవై ఆరేళ్లు పట్టింది. 1776లో రూఆన్ నగరపు శస్త్రవైద్యుడు పిలోర్, పురీషనాళంలో గట్టిపడిన కణితితో పేగు మూసుకుపోయిన ఒక ద్రాక్షసారా వర్తకుడికి పొట్ట కుడివైపున కోసి, పెద్దపేగు తొలి భాగమైన అంధనాళాన్ని తెరిచాడు. అంతకుముందే భేదిమందులన్నీ అయిపోయి, బరువుతో అడ్డంకిని తోసుకుపోతుందన్న ఆశతో ఆ రోగి చేత సుమారు రెండు పౌన్ల పాదరసం మింగించారు. శస్త్రచికిత్స పనిచేసింది, కొత్త దారిన మలం వచ్చింది, పొట్ట ఉబ్బు తగ్గింది. అయినా రోగి ఇరవై ఎనిమిదో రోజున మరణించాడు. శవపరీక్షలో తేలిందేమిటంటే, మింగిన పాదరసం చిన్నపేగు మడతలోనే నిలిచిపోయి, దాన్ని కిందికి లాగి కుళ్లిపోయేలా చేసింది. కోత వల్ల బతకవలసిన మనిషి అంతకుముందు చేసిన వైద్యం వల్ల చనిపోయాడన్న సంగతి, నయం కాని రోగానికి ఏదో ఒకటి చేసి తీరాలన్న ఆరాటానికి మూల్యం ఎలా ఉంటుందో తొలి కేసులోనే చూపింది.

పిలోర్ ప్రయత్నం లోకానికి తెలిసింది ఆరు దశాబ్దాల తరువాత, పారిస్ శస్త్రవైద్యుడు అముస్సా 1839లో అటువంటి కేసులన్నింటినీ కూర్చి ప్రచురించినప్పుడే. అముస్సాను ఈ పనికి పురికొల్పింది అంతకుముందు సంవత్సరం పురీషనాళపు క్యాన్సర్‌తో మరణించిన ప్రసిద్ధ వైద్యుడు బ్రూసే. ఆ మిత్రుడి పక్కనే ఉండి ఏమీ చేయలేకపోయిన అనుభవం తరువాత, పొట్టలోపలి పొరను తాకకుండా నడుము వైపు నుంచి పెద్దపేగును తెరిచే పద్ధతిని ఆయన రూపొందించాడు. క్రిమిసంహారక పద్ధతులు రాక ముందటి కాలంలో ఆ పొరకు చీము పట్టడమంటే మరణమే కాబట్టి నడుము దారి అర్థవంతమైనదే, అయితే రోగి తన చేత్తో శుభ్రం చేసుకోలేని చోట వెనుకవైపు మలరంధ్రం ఏర్పడడం ఎంత దుర్భరమో ఆనాటి రచనలు పెద్దగా పట్టించుకోలేదు.

కణితినే తీసివేయాలన్న ప్రయత్నాలు కూడా అదే శతాబ్దంలో మొదలయ్యాయి. 1826లో లిస్‌ఫ్రాంక్ మలద్వారం వైపు నుంచి పురీషనాళపు కింది భాగాన్ని కోసి తొలగించాడు. 1908లో లండన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ మైల్స్, పొట్ట వైపు నుంచీ కింది వైపు నుంచీ కలిపి కోసి, కణితితో పాటు రసగ్రంథుల సముదాయాన్ని కూడా తొలగించే పద్ధతిని వివరించాడు. మైల్స్ పద్ధతి అర్ధశతాబ్దం పైగా పురీషనాళపు క్యాన్సర్ చికిత్సకు ప్రమాణంగా నిలిచింది, దానితో పాటే శాశ్వత కొలోస్టమీ కూడా ఈ రోగంలో విడదీయరాని భాగమైంది. కోతకు తగని రోగికి మిగిలింది మళ్లీ నిప్పే. షికాగోకు చెందిన ఆల్‌ఫ్రెడ్ స్ట్రాస్ పురీషనాళపు కణితులను విద్యుత్తు వేడితో కాల్చే పద్ధతిని అవలంబించి, 1935లో తన అనుభవాన్ని ప్రకటించాడు. పొట్టమీది రంధ్రానికి అమర్చే తొలి రబ్బరు సంచి కూడా ఆయన రోగుల్లో ఒకరైన విద్యార్థి చేతిలో రూపుదిద్దుకుంది. అయితే కొలోస్టమీని నిజంగా భరించదగినదిగా చేసిన మార్పు 1950ల్లో డెన్మార్క్ నుంచి వచ్చింది. శస్త్రచికిత్స అయిన తన సోదరి బయటికి రావడానికి వెనుకాడుతున్నదని గమనించిన ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు, చర్మానికి అంటుకునే ప్లాస్టిక్ సంచిని 1954లో ఊహించింది. ఈ వివరం పక్కదారిగా తోచవచ్చు గాని, లేజర్ చికిత్సకు దొరికిన ఆదరణను అర్థం చేసుకోవాలంటే ఇది అవసరం, ఎందుకంటే కొద్ది నెలలు మాత్రమే బతికే రోగికి పొట్టమీద సంచి లేకుండా చేయగలగడమే లేజర్ పక్షాన వినిపించిన ప్రధాన వాదన.

లేజర్ భౌతికశాస్త్రంలో పుట్టి వైద్యంలోకి వచ్చింది. ఉత్తేజితమైన అణువును తగిన కాంతి తాకితే, అది అదే రకపు కాంతిని అదే దిశలో వెలువరిస్తుందని ఐన్‌స్టైన్ 1917లో ప్రతిపాదించాడు. ప్రేరేపిత ఉద్గారమనే ఈ సూత్రం మీద ఆధారపడి, 1960 మే నెలలో కాలిఫోర్నియాలోని హ్యూస్ ప్రయోగశాలలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికం నుంచి తొలి లేజర్ పుంజాన్ని వెలికితీశాడు. ఆ మరుసటి సంవత్సరమే న్యూయార్క్‌లో కంటిలోపలి కణితిపై కెంపు లేజర్‌ను ప్రయోగించారు. 1964 సంవత్సరం వైద్యానికి మరింత ముఖ్యమైనది: నియోడిమియం అనే మూలకాన్ని యట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్‌ల స్ఫటికంలో పొదిగి తయారుచేసిన ఎన్‌డీ-యాగ్ లేజర్, బొగ్గుపులుసు వాయువుతో పనిచేసే కార్బన్ డయాక్సైడ్ లేజర్, ఆర్గాన్ లేజర్ మూడూ ఆ ఏడాదే వెలుగు చూశాయి. వీటిలో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనుగొన్న కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసినవాడు.

పటేల్ లేజర్ కత్తిలా చక్కగా కోస్తుంది గాని దాని కాంతి మామూలు గాజు తంతువుల గుండా ప్రయాణించదు. అద్దాలతో మలుపులు తిప్పే, కీళ్లున్న చేయి వంటి అమరిక ఉంటే గొంతు వరకు చేరుతుంది, పేగు వంపుల్లోకి చేరలేదు. ఆ వంపులను దాటించిన విద్యకు పునాది వేసినవారిలో మరో భారతీయుడు ఉన్నాడు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్‌కిన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి, సన్నని గాజు తంతువుల కట్ట ద్వారా బొమ్మను ఒక చివర నుంచి మరో చివరకు పంపవచ్చునని 1954లో నిరూపించాడు. ఆ ప్రయోగాన్ని వివరించిన వ్యాసం చదివి స్ఫూర్తి పొందిన బాసిల్ హిర్షోవిట్జ్ 1957లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, వంగే గొట్టంతో జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోప్‌ను ప్రదర్శించాడు. 1960ల చివరికి అదే సూత్రంతో పెద్దపేగు మొత్తాన్ని చూడగలిగే కొలనోస్కోప్ వచ్చింది. కంటికి దారి దొరికాక, కాంతికి కూడా అదే దారి ఇవ్వడం తరువాతి మెట్టు. 1973లో మ్యూనిక్‌కు చెందిన నాట్, గోరిష్, కీఫ్‌హాబర్ తంతువు ద్వారా లేజర్ కాంతిని ఎండోస్కోప్ గుండా పంపిన తమ ప్రయోగాన్ని ప్రచురించారు.

మొదట్లో ఈ యంత్రాలను ఆస్పత్రులు కొన్నది క్యాన్సర్ కోసం కాదు. కడుపులో పుండు నుంచి ప్రాణాంతకంగా కారే రక్తాన్ని కాంతితో గడ్డకట్టించడమే 1970ల మధ్య నుంచి జర్మనీలోనూ అమెరికాలోనూ జరిగిన ప్రయత్నాల ఉద్దేశం. అది పనిచేసింది కూడా, కాని మందును సూదితో పుండులోకి ఎక్కించడం, వేడెక్కే చిన్న మొనను రక్తనాళంపై అదిమిపెట్టడం వంటి చవకైన పద్ధతులు దాదాపు అంతే ఫలితం ఇస్తున్నాయని కొద్ది సంవత్సరాల్లోనే తేలడంతో, ప్రత్యేక విద్యుత్ సరఫరా, నీటితో చల్లబరచే ఏర్పాటు అవసరమయ్యే భారీ ఎన్‌డీ-యాగ్ యంత్రాలు పని తక్కువై మిగిలిపోయాయి. వాటికి రెండో జీవితం ఇచ్చింది క్యాన్సర్. 1982లో అమెరికా వైద్యుడు డేవిడ్ ఫ్లైషర్ తన సహచరులతో కలిసి, అన్నవాహికను మూసేసిన కణితిని లేజర్‌తో కాల్చి, మింగలేని రోగుల చేత మళ్లీ మింగించవచ్చునని చూపాడు. అన్నవాహికలో సాధ్యమైనది పేగు రెండో చివరలో ఎందుకు కాకూడదన్న ప్రశ్న సహజంగానే వెంట వచ్చింది. 1986 నాటికి లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్టీఫెన్ బౌన్ బృందం, ఆమ్‌స్టర్‌డామ్‌లో మాథూస్-ఫ్లీఖెన్, టైట్‌గట్‌లు, ఆ మరుసటి సంవత్సరం ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో బ్రూనెటో బృందం పెద్దపేగు, పురీషనాళపు కణితులపై తమ అనుభవాలను ప్రకటించారు. యంత్రం ముందు వచ్చి, దానికి తగిన రోగాన్ని తరువాత వెతుక్కోవడం వైద్యచరిత్రలో అరుదేమీ కాదు, ఇక్కడ ఆ వెతుకులాట కొందరు రోగులకు మేలే చేసింది.

ఎన్‌డీ-యాగ్ లేజర్ ఎందుకు పనికివచ్చిందో తెలుసుకోవాలంటే దాని కాంతి స్వభావాన్ని గమనించాలి. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతి. నీరు గాని రక్తంలోని ఎర్ర పదార్థం గాని దీన్ని ఎక్కువగా పీల్చుకోవు కాబట్టి, ఇది పైపొర దగ్గరే ఆగిపోకుండా కండలోకి కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకు చొచ్చుకుపోయి అక్కడ వేడిని పుట్టిస్తుంది. వేడి అరవై డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే మాంసకృత్తులు గడ్డకట్టి, ఆ చోటి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. నూరు డిగ్రీలు దాటితే కణజాలంలోని నీరు ఆవిరై, కణితి పొగగా లేచిపోతుంది. వైద్యుడు శక్తినీ దూరాన్నీ మార్చుకుంటూ ఒకే పరికరంతో రక్తాన్ని ఆపగలడు, కణితిని కరిగించనూగలడు.

చికిత్స జరిగే తీరును దగ్గర నుంచి చూస్తే దాని బలమూ పరిమితీ రెండూ కనిపిస్తాయి. రోగికి ముందుగా ఎనిమా ఇచ్చి పేగు కింది భాగాన్ని శుభ్రం చేస్తారు. మత్తుమందు అవసరం లేకుండానే, లేదా నరం ద్వారా కొద్దిపాటి మగత మందు ఇచ్చి, మోకాళ్లు ముడిచి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. పేగు లోపలి పొరలో కోతనూ కాలడాన్నీ గుర్తించే నరాలు లేవు కాబట్టి కణితిని కాల్చడం రోగికి దాదాపు తెలియదు. మలద్వారానికి కొద్దిగా లోపలుండే దంతరేఖ అనే హద్దు దిగువన మాత్రం చర్మపు నరాలు ఉండడం వల్ల అక్కడ నొప్పి తీవ్రంగా ఉంటుంది, మత్తు తప్పదు. గదిలో ఉన్నవారందరూ, రోగితో సహా, లేజర్ కాంతిని అడ్డుకునే ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకుంటారు, తలుపు మూసి ఉంచుతారు. ఎండోస్కోప్ లోని సన్నని కాలువ గుండా, అర మిల్లీమీటరు మందమైన క్వార్ట్జ్ తంతువును ఒక తొడుగులో పెట్టి పంపుతారు. తొడుగులో తంతువు చుట్టూ వాయువు ప్రవహిస్తూ కొనను చల్లబరుస్తుంది, ఎగిరిపడే మసి, రక్తం దానికి అంటుకోకుండా ఊదేస్తుంది. పనిచేసే కాంతి కంటికి కనిపించదు కాబట్టి దానితో పాటే ఎర్రని బలహీనమైన మరో లేజర్ చుక్కను పంపి గురి చూసుకుంటారు. కొనను కణితికి ఒక సెంటీమీటరు దూరంలో నిలిపి, వైద్యుడు కాలితో పెడల్ నొక్కితే, యాభై నుంచి ఎనభై వాట్ల శక్తి ఒకటి రెండు సెకన్లపాటు పడుతుంది. ఎర్రగా ఉన్న కణితి ఉపరితలం ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లబడుతుంది; ఇంకా కాలిస్తే నల్లబడి, గుంట పడి, పొగ లేస్తుంది. పొగనూ చల్లార్చే వాయువునూ ఎప్పటికప్పుడు బయటికి లాగకపోతే పొట్ట ఉబ్బి రోగికి బాధ కలుగుతుంది, వైద్యుడికి చూపు ఆనదు.

కణితి ఎగువ అంచును ముందు చేరి, అక్కడి నుంచి కిందికి వెనక్కు లాగుకుంటూ కాల్చడం సురక్షితమైన పద్ధతిగా స్థిరపడింది. కింది నుంచి మొదలుపెడితే కాలిన చోటు వాచి, పై భాగాన్ని కప్పేయడమే గాక, దారి ఎటు పోతున్నదో తెలియక తంతువు పేగు గోడ వైపు తిరిగే ప్రమాదం ఉంది. దారి మరీ ఇరుకై ఎండోస్కోప్ పైకి పోకపోతే, సన్నని తీగను ముందు పంపి, దాని మీదుగా వ్యాకోచింపజేసే పరికరాలను ఎక్కించి దారి కాస్త వెడల్పు చేసుకుంటారు. కాలిన మాంసం కొద్ది రోజుల్లో ఊడి పడిపోతుంది, అప్పుడు రోగి మళ్లీ వస్తే మిగిలిన దాన్ని కాలుస్తారు. ఇలా రెండు మూడు విడతల్లో దారి తెరుచుకున్నాక, ఆ తరువాత నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, కణితి తిరిగి పెరిగిన మేరకు, మళ్లీ కాల్చాలి. ఇది రోగి బతికినంత కాలం సాగే పని.

ఫలితాల విషయానికి వస్తే, 1980లు, 1990లలో వెలువడిన నివేదికలు చాలా వరకు ఒకే మాట చెప్పాయి: నూటికి ఎనభై, తొంభై మందికి తొలి విడతల తరువాత లక్షణాలు చెప్పుకోదగినంతగా తగ్గాయి. రక్తస్రావం, జిగట స్రావం బాగా లొంగాయి, అడ్డంకి అంతకన్నా తక్కువగా లొంగింది. గొట్టం చుట్టూ పూర్తిగా అల్లుకున్న కణితుల్లో ఫలితం మందగించి, విడతలు ఎక్కువ అవసరమయ్యాయి. కటివలయంలోని నరాలను కణితి నొక్కడం వల్ల పుట్టే నొప్పికి లేజర్ దాదాపు ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ నొప్పి గొట్టం బయటి నుంచి వస్తున్నది, కాంతి పనిచేసేది గొట్టం లోపల. మలద్వారపు కండరం దెబ్బతిని పట్టు తప్పినవారికి కూడా దీనివల్ల ప్రయోజనం లేదు. ఈ తేడాలను మొదటి నుంచీ నిజాయితీగా నమోదు చేయడం ఆ తరం లేజర్ వైద్యుల మంచి లక్షణం. క్యాన్సర్‌కు కొత్త చికిత్స వచ్చిందంటూ పత్రికలు ఉత్సాహపడినా, వారి వ్యాసాల్లో ఆయుష్షు పెరుగుతుందన్న వాగ్దానం సాధారణంగా కనిపించదు.

ప్రమాదాలు లేకపోలేదు. పేగు గోడకు రంధ్రం పడడం, తరువాత రక్తం కారడం, కాలిన చోట మచ్చకట్టి దారి ఇరుకవడం నూటికి కొద్దిమందిలో జరిగాయి. పురీషనాళపు కింది భాగం పొట్టలోపలి పొరకు వెలుపల ఉంటుంది కాబట్టి అక్కడ రంధ్రం పడినా పొట్ట అంతా చీము పట్టే ప్రమాదం తక్కువ. లేజర్ చికిత్స సిగ్మాయిడ్‌కు ఎగువన పెద్దగా విస్తరించకుండా పురీషనాళం చుట్టూనే స్థిరపడడానికి ఇది ఒక ముఖ్య కారణం. మరో ప్రమాదం రసాయనికమైనది. పేగును శుభ్రం చేయడానికి ఆ రోజుల్లో మానిటాల్ అనే చక్కెర వంటి పదార్థాన్ని తాగించడం వాడుకలో ఉండేది, పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తాయి. 1979లో ఫ్రెంచి వైద్యులు ప్రచురించిన ఒక కేసులో, విద్యుత్ తీగతో పేగులోని పిలక కణితిని కోస్తుండగా నిప్పురవ్వ తగిలి పేగులోనే పేలుడు జరిగి రోగి మరణించాడు. పేగు లోపల నిప్పును వాడే ప్రతి చికిత్సకూ ఆ కేసు పాఠమైంది, మానిటాల్‌ను పక్కన పెట్టారు.

ఈ చికిత్స వ్యాపించిన కాలాన్ని విడిగా చూడకూడదు. 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించి, మరణానికి చేరువైన రోగి నొప్పినీ భయాన్నీ వైద్యుని బాధ్యతగా నిలబెట్టింది. 1970ల మధ్యలో కెనడాలో బాల్ఫర్ మౌంట్ అటువంటి సేవను పెద్ద ఆస్పత్రిలోకే తెచ్చి, పాలియేటివ్ కేర్ అన్న పేరును స్థిరపరిచాడు. అంతకుముందు శస్త్రవైద్యుడు పొట్ట తెరిచి, కణితి కదలదని చూసి, కొలోస్టమీ చేసి మూసేస్తే తన పని అయిపోయినట్టే భావించేవాడు. ముసలితనంలో, కాలేయానికి రోగం పాకిన మనిషికి ఆ ఆపరేషన్ వల్ల కలిగే మరణాల శాతం తక్కువేమీ కాదు. బతికినవారు మిగిలిన కొద్ది నెలల్లో కొన్ని వారాలు గాయం మానడానికే ఖర్చు చేసేవారు, పైగా మలం దారి మళ్లినా కణితి నుంచి రక్తం, జిగట కారడం ఆగేది కాదు. ఉదయం వచ్చి సాయంత్రం ఇంటికి పోయే లేజర్ చికిత్సకు ఆకర్షణ ఇక్కడే ఉంది.

కాని ఇంటికి పోయిన రోగి నెల తిరగకుండా మళ్లీ రావాలి. ఆరు నెలలే బతికే మనిషి అందులో ఎన్ని రోజులు ఆస్పత్రి దారిలో గడిపాడన్న లెక్క లేజర్ బృందాలను మెల్లమెల్లగా ఇబ్బంది పెట్టింది. బౌన్ బృందం 1990ల తొలి సంవత్సరాల్లో లేజర్‌తో దారి తెరిచిన తరువాత రేడియేషన్ కూడా ఇచ్చి, విడతల మధ్య ఎడం పెంచవచ్చునా అని పరీక్షించడానికి కారణం ఇదే, ఎడం పెరిగింది. కణితి పరిమాణం, ఆయుష్షు అనే పాత కొలతల పక్కన, చికిత్స స్వయంగా రోగి మీద మోపే భారాన్ని కూడా కొలవాలన్న ఆలోచన ఇటువంటి పరిశోధనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. లేజర్ చికిత్స వైద్యానికి ఇచ్చినవాటిలో ఈ కొలత యంత్రం కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

పోటీ రెండు వైపుల నుంచి వచ్చింది. 1990ల ఆరంభంలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో కార్ల్ ఎర్నస్ట్ గ్రుండ్, ఆర్గాన్ వాయువును ఊదుతూ దాని గుండా అధిక పౌనఃపున్య విద్యుత్తును పంపి, తాకకుండానే కణజాలాన్ని కాల్చే పద్ధతిని ఎండోస్కోప్‌కు అనువుగా మలిచాడు. ఆర్గాన్ ప్లాస్మా కోయాగులేషన్ అనే ఈ పద్ధతికీ ఆర్గాన్ లేజర్‌కూ వాయువు పేరు తప్ప పోలిక లేదు. ఇందులో కాల్చేది కాంతి కాదు, విద్యుత్తు. దాని ప్రభావం రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకే పరిమితం కావడం వల్ల పేగుకు రంధ్రం పడే భయం తక్కువ, యంత్రం చవక, ప్రత్యేక కళ్లద్దాలు, తాళం వేసిన గది అక్కరలేదు. రక్తం కారే కణితులను ఇది లేజర్ చేతి నుంచి దాదాపు పూర్తిగా తీసుకుంది. రెండో పోటీదారు స్టెంట్, అంటే లోహపు జాలీతో అల్లిన, లోపల తనంతట తానే విచ్చుకునే గొట్టం. పురీషనాళపు కణితి మధ్య అటువంటి గొట్టాన్ని నిలిపిన అనుభవాన్ని డోమోటో 1991లో ప్రచురించాడు. ఆ దశాబ్దం ముగిసేనాటికి స్టెంట్ ఒక్క విడతలో అడ్డంకిని తొలగించగల పద్ధతిగా పేరు తెచ్చుకుంది. నెలనెలా రావలసిన అవసరం లేని ఆ సౌకర్యం ముందు, అడ్డంకి విషయంలో లేజర్ నిలబడలేకపోయింది.

శస్త్రచికిత్స, కీమోథెరపీ కూడా అదే కాలంలో ముందుకు సాగాయి. ఇంగ్లండ్‌లో బిల్ హీల్డ్ 1982లో వివరించిన, పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కుచెదరకుండా తీసే పద్ధతి, దానికి ముందు ఇచ్చే రేడియేషన్ కలిసి, ఒకప్పుడు తీయలేమని వదిలేసిన కణితుల్లో కొన్నింటిని తీయదగినవిగా మార్చాయి. ఐరినోటెకాన్, ఆక్సాలిప్లాటిన్ వంటి మందులు రావడంతో రోగం పాకిన తరువాత కూడా రెండేళ్లు, అంతకు మించి బతకడం సాధారణమైంది. ఆరు నెలల కోసం లెక్కగట్టిన చికిత్స రెండేళ్లకు సరిపోదు. విడతలు కూడబెట్టుకుంటూ పోతే కొలోస్టమీయే తక్కువ భారమవుతుంది. అయితే ఆ మందుల్లో కొన్ని, ముఖ్యంగా కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునేవి, స్టెంట్ ఉన్నచోట పేగుకు రంధ్రం పడే ప్రమాదాన్ని పెంచుతాయని తెలిసిన తరువాత, స్టెంట్ కూడా అందరికీ తగినది కాదని తేలింది.

లేజర్ మాత్రం చోటు మార్చుకుంది. పేగు నుంచి కాలేయానికి పాకిన గడ్డల్లోకి సూది ద్వారా సన్నని తంతువును దించి, తక్కువ శక్తితో నిమిషాల తరబడి లోపలి నుంచే వేడి చేసి చంపే పద్ధతిని బౌన్ 1983లోనే వివరించాడు. దాన్ని ఎంఆర్ఐ స్కానింగ్ సాయంతో పెద్ద ఎత్తున చేసింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫోగ్ల్ బృందం. పేగు లోపలి పనికి 1990ల్లో వచ్చిన డయోడ్ లేజర్లు పాత ఎన్‌డీ-యాగ్ యంత్రం స్థానాన్ని ఆక్రమించాయి. ఇవి బల్లమీద పట్టేంత చిన్నవి, గోడకున్న మామూలు ప్లగ్గుతోనే నడుస్తాయి. కాని వాటి అవసరమే బాగా తగ్గిపోయింది. మలద్వారానికి నాలుగైదు సెంటీమీటర్ల లోపలే ఉన్న కణితిలో స్టెంట్ పెడితే అది కింది అంచుకు తగిలి, కూర్చున్నా నిలుచున్నా నొప్పి పెడుతుంది, జారిపోతుంది, మలం మీద పట్టు లేకుండా చేస్తుంది. రక్తం కారుతూ, మరో ఆపరేషన్‌ను తట్టుకోలేని స్థితిలో ఉన్న రోగికి ఆ చోట కణితి ఉన్నప్పుడు రేడియేషన్, ఆర్గాన్ ప్లాస్మా, లేజర్ ఈ మూడింటిలో ఆస్పత్రిలో అందుబాటులో ఉన్నదాన్నే వైద్యులు ఎంచుకుంటారు. పెద్దపేగు క్యాన్సర్ ఉపశమనంలో లేజర్‌కు ఈనాడు మిగిలిన స్థానం అంతవరకే.